పొదుపు చేతకాని మిద్దె

పాత ఇళ్ల ఉష్ణ సంరక్షణ పథకం మా ఊరికి ఏప్రిల్ నెలలో వచ్చింది. పథకం వెంట నూట పన్నెండు పేజీల మార్గదర్శక గ్రంథం కూడా వచ్చింది. మున్సిపల్ ఆఫీసులో దాన్ని పూర్తిగా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. సీనియర్ అసిస్టెంటుని కాబట్టి చదవక తప్పలేదు. ఇరవై ఏడో పేజీలో "కప్పుపై పేరుకొనిన మంచును తొలగించిన పిమ్మటనే పనులు ప్రారంభించవలెను" అని ఉంది. మా ఊళ్లో మంచుగడ్డ అనేది సోడాబండి దగ్గర రంపపు పొట్టులో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆ మాటే కమిషనరుగారికి మనవి చేశాను. ఆయన కాసేపు ఆలోచించి, మంచు లేదని ఒక ధ్రువీకరణ పత్రం రాసి జత చేయమన్నారు. నలభై మూడు డిగ్రీల ఎండలో కూర్చుని రాసి జత చేశాను.

పథకం సారాంశం చిన్నదే. నలభై ఏళ్లు దాటిన ప్రతి ఇంటికీ గోడల లోపలివైపు థర్మాకోల్ పలకలు తాపడం చేయాలి. కిటికీలు పీకేసి, రెండు పొరల అద్దాలు గాలి చొరకుండా బిగించాలి. ఇంకా ఎక్కడ కంత ఉంటే అక్కడ పూడ్చాలి. అప్పుడు కరెంటు వాడకం తగ్గుతుంది. నెలకు తొంభై యూనిట్లకు తక్కువ కాకుండా ఆదా చేసిన ఇంటికి యోగ్యతా పత్రం ఇస్తారు. యోగ్యతా పత్రం లేని పాత ఇంట్లో ఏ వ్యాపారానికీ లైసెన్సు మళ్లీ ఇవ్వరు.

ఏ ఇంటి వయసెంతో చెప్పే రిజిస్టరు నా బీరువాలో ఉంటుంది. మాదీ పాత మిద్దె ఇల్లే, మా తాత కట్టించాడు. రిజిస్టరులో దాని వయసు ముప్పై తొమ్మిది. గ్రంథం చదవడం పూర్తయిన రోజు సాయంత్రం నుంచి దాని వయసు అంతే.

మా వైపు మిద్దెల గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. రెండు మూరల మందాన రాతి గోడలు, పైన దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, వాటి మీద మూరెడు మందాన చవుడు మట్టి. ఏటా వానలకు ముందు కొత్త చవుడు తోలించి పరిపిస్తారు. కప్పు మధ్యలో చదరంగా ఒక కంత ఉంటుంది, దాన్ని గవాచి అంటాం. వెలుతురు అందులోంచి దిగుతుంది, ఇంట్లో ఉడుకు అందులోంచి ఎక్కిపోతుంది. చినుకు పడితే ఎవరో ఒకరు పరుగున మిద్దెక్కి దాని మీద రేకో బండో కప్పుతారు. మా తాతల కాలం నుంచి నడుస్తున్న ఉష్ణ సంరక్షణ మొత్తం ఇంతే.

మా వీధిలో ఓబులమ్మది అలాంటి మిద్దె. ఆమె తమలపాకుల వ్యాపారి. నలభై ఐదేళ్లుంటాయి, మొగుడు పోయి పదేళ్లు. తోటల నుంచి తెల్లవారుజామున గంపలు దిగుతాయి. ఆమె తడి గోనెపట్టాలు కప్పి, రోజూ కట్టలు విప్పి, మచ్చ పడిన ఆకు ఏరిపారేసి మళ్లీ కడుతుంది. చుట్టుపక్కల మూడు మండలాల పెళ్లిళ్లకు ఆకు ఆమె దగ్గర నుంచే పోవాలి. వేరే వాళ్ల ఇంట్లో రెండు రోజులు నిలవని ఆకు ఆమె ఇంట్లో ఐదు రోజులు నిలుస్తుంది. అది ఆమె చేతి గొప్పతనం కాదనీ, మిద్దె గొప్పతనమనీ ఆమే చెబుతుంది. లైసెన్సు లేకపోతే తోటలవాళ్లు ఆకు ఇవ్వరు. ఆ లైసెన్సు గడువు సెప్టెంబరు ఆఖరుకు తీరిపోతుంది. ఆమె ఇంటి వయసు రిజిస్టరులో డెబ్బై రెండు.

రాజధాని నుంచి ఉష్ణ సంరక్షణ ప్రత్యేకాధికారి చిదంబరరావు గారు దిగారు. మొదటి తనిఖీకి ఓబులమ్మ ఇల్లే తగిలింది. నేను ఫైలు పట్టుకుని వెంట వెళ్లాను. గోడలో వేడి ఎటు పోతున్నదో రంగుల్లో చూపించే కెమెరా ఆయన దగ్గర ఉంది. వేడి ఉన్నచోట ఎరుపు, చల్లదనం ఉన్నచోట నీలం చూపిస్తుంది. వీధిలో తెరంతా ఎర్రగా ఉంది. గడప దాటగానే మొత్తం నీలంగా మారింది. చిదంబరరావు గారు కెమెరాను రెండు సార్లు తట్టి, బ్యాటరీ తీసి మళ్లీ వేసి, చివరకు దాన్ని మరమ్మతుకు పంపమని నాకు అప్పగించారు.

అప్పటికి మధ్యాహ్నం రెండు గంటలు. ఓబులమ్మ ఆయనకు గవాచి కింద మంచం వేసి, మజ్జిగ ఇచ్చింది. ఫారం నింపుదామని కూర్చున్నారాయన. రెండో కాలమ్ దగ్గర కునుకు పట్టింది. గంటన్నర నిద్రపోయారు. లేచాక ముఖం కడుక్కుని, "నివాసితుల సౌఖ్యము" అన్న కాలమ్‌లో "సమాచారము లభ్యము కాలేదు" అని రాసుకున్నారు.

చిక్కు ఆ తరువాత కాలమ్‌లో వచ్చింది. శీతలీకరణ యంత్రం రకం ఏమిటని అడిగింది ఫారం. మూడు రకాలు అచ్చువేసి ఉన్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. లేదు అని రాయడానికి చోటు లేదు. యంత్రం లేకుండా ఇల్లు చల్లగా ఉండటానికి గల కారణాన్ని సాంకేతికంగా నమోదు చేయు వీలు లేదని ఆయన నాకు వివరించారు. తరువాత మీటరు కార్డు అడిగారు. నెలకు ముప్పై ఎనిమిది యూనిట్లు. రెండు బల్బులు, ఒక ఫ్యాను.

"ఈ గృహము తొంభై యూనిట్లు ఆదా చేయవలసి యున్నది," అన్నారు చిదంబరరావు గారు.

ఓబులమ్మ ఆకు ఏరడం ఆపలేదు. "రెండు బల్బులూ ఆర్పేసి, ఫ్యాను తీసేసి చీకట్లో కూకుంటే ముప్పై ఎనిమిది మిగుల్తాయి సార్. తక్కినవి యాడ నుంచి తేవల్ల? పక్కింట్లో అడిగి తెచ్చేదా?"

చిదంబరరావు గారు కోప్పడలేదు. ఆయన మంచి మనిషే, కోపం రాదు. కానీ ఫారం ఖాళీగా ఉంటే ఆయనకు నిద్ర పట్టదు. ఆ సాయంత్రమే ఓబులమ్మకు నోటీసు వెళ్లింది. టైపు చేసింది నేనే. ఆమె ఇల్లు "పొదుపు సామర్థ్యము లేని గృహము"గా గుర్తింపబడినదని, లోపము సవరించుకొననిచో లైసెన్సు పునరుద్ధరణకు అర్హత కోల్పోవునని అందులో ఉంది. కాగితం ఇవ్వడానికి వెళ్తే, ఆమె నాతో చదివించుకుని, "నా ఇంటికి పొదుపు చేతగాదంటారా?" అని మాత్రం అడిగింది. అవునమ్మా అన్నాను.

నిజానికి ఆ రోజే నేను ఒక పని చేసి ఉండవచ్చు. ఏడునూ రెండునూ కొట్టేసి మూడునూ తొమ్మిదినీ వేయడానికి ఎంత సిరా కావాలి? కానీ నా ఇల్లు అప్పటికే ఆ అంకె నీడన దాక్కుని ఉంది. అక్కడికి ఇంకొకరిని పిలిస్తే ఇద్దరం దొరుకుతామని భయపడ్డాను. భయపడ్డాననే రాస్తున్నాను, వేరే మాట లేదు.

ఓబులమ్మ ఇంటి విషయమై కమిషనరుగారి గదిలో సమీక్షా సమావేశం జరిగింది. ఏసీ గది, కిటికీలకు కర్టెన్లు. చిదంబరరావు గారు లేచి సమస్యను వివరించారు.

"వినియోగము లేని చోట పొదుపు సిద్ధించదు. ఈ గృహిణి విద్యుత్తును వినియోగించకుండుట వలన పొదుపు చేయు అవకాశమును కోల్పోవుచున్నది. కావున ప్రథమ దశలో వినియోగమును కల్పించవలెను. ద్వితీయ దశలో దానిని తగ్గించవలెను."

ఇంత తేలికైన మాట తమకు తట్టనందుకు అందరూ లోలోపల నొచ్చుకున్నట్టు కనపడ్డారు. ప్రథమ దశకు "పొదుపు పూర్వ వినియోగ దశ" అని పేరు పెట్టారు. ఆ దశలో వచ్చే కరెంటు బిల్లు పథకమే భరిస్తుందని, ఈ ఇంటి ఫలితం తేలేదాకా తక్కిన మిద్దెల తనిఖీ ఆపాలని తీర్మానించారు. మినిట్సు నేనే రాశాను.

మే మొదటి వారంలో పనివాళ్లు వచ్చారు. రాతి గోడలకు థర్మాకోల్ తాపడం చేశారు. టేకు కిటికీల చువ్వలు కోసి అద్దాలు బిగించి, అంచులకు జిగురు నింపారు. గవాచి దగ్గర కాసేపు ఆగారు. అది తలుపా కిటికీయా అని గ్రంథంలో వెతికారు. రెండూ కాదు కాబట్టి దాన్ని "నిర్మాణ లోపము"గా నిర్ణయించి, కింద నుంచి పలక కొట్టి నురుగు పూడ్చారు. డెబ్బై ఏళ్లుగా ఆ ఇంట్లో గడియారం అవసరం లేదు. గవాచిలోంచి ఎండ ఏ బండ మీద పడితే ఎంత టైమైందో ఓబులమ్మకు తెలిసేది. ఆ రోజు నుంచి ఆమె నన్ను టైము అడగడం మొదలుపెట్టింది.

మూడో రోజుకు ఇల్లు పెనంలా కాలింది. ముహూర్తాల కాలం, ఇంట్లో పదిహేను గంపల ఆకు ఉంది. నాలుగో రోజు పొద్దున వీధిలోకి వాసన వచ్చింది. వెళ్లి చూస్తే ఓబులమ్మ గంపలన్నీ వాకిట్లో బోర్లించి కూర్చుంది. ఆకు నల్లబడి, ఒకదానికొకటి అంటుకుపోయి, చేత్తో పట్టుకుంటే మెత్తగా జారిపోతోంది. ఆమె ఏడవలేదు. ఏ పెళ్లికి ఏ గంప ఇస్తానని మాట ఇచ్చిందో ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. అది వినడం కంటే ఏడుపు నయం.

ఇల్లు తగినంత వేడెక్కినందువల్ల ఇప్పుడు ఫారంలో శీతలీకరణ యంత్రం కాలమ్‌ను నింపవచ్చునని చిదంబరరావు గారు సంతోషించారు. వారం తిరిగేసరికి ఏసీ బిగించారు. అది ఇంటిని చల్లబరిచింది, కాదనను. దాంతోపాటు ఆకులో తడిని కూడా పీల్చింది. మొదటిసారి కుళ్లిన ఆకు రెండోసారి ఎండి, పట్టుకుంటే అప్పడంలా విరిగింది.

ఇక నాకు ఆగబుద్ధి కాలేదు. మా మున్సిపల్ రికార్డు రూము పాతకాలపు మిద్దె, గవాచితో సహా ఉంది. ప్రభుత్వ భవనం కాబట్టి పథకం దాని జోలికి రాలేదు. తాళం నా దగ్గరే. జనన మరణాల రిజిస్టర్ల పక్కన ఓబులమ్మ గంపలు పెట్టించాను. ఆమె రోజూ పొద్దున నకలు కావాలన్నట్టు వచ్చి, ఆకు తిరగేసి, నీళ్లు చిలకరించి పోయేది. ఆఫీసులో పెళ్లింటి వాసన వస్తున్నదేమని కమిషనరుగారు అడిగారు. వివాహ నమోదు విభాగం ఫైళ్లండీ అన్నాను. ఆయన తృప్తిపడ్డారు.

అలా ఓబులమ్మ వ్యాపారం కుంటుతూ నడిచింది. కానీ రికార్డు రూము లైసెన్సు ఇవ్వదు కదా. జూన్, జూలై నెలల్లో ఆ ఇంట్లో ఏసీ ఆగకుండా తిరిగింది. జూలై మీటరు నాలుగు వందల పది యూనిట్లు చూపింది. చిదంబరరావు గారు ఆ కాగితాన్ని అందరికీ చూపించి, ప్రథమ దశ దిగ్విజయమైందని ప్రకటించారు. ద్వితీయ దశ మీద అధ్యయనానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం మధ్యంతర నివేదిక డిసెంబరులో రావాలి. సెప్టెంబరులో లైసెన్సు పోతుంది.

ఈ సంగతి చెప్పడానికి వెళ్లిన రోజు ఓబులమ్మ మూసిన కిటికీ దగ్గర నిలబడి ఉంది. అంతా విని, వేళ్ల మీద లెక్క వేసుకుంది.

"సార్, ఇప్పుడు నాలుగు నూర్ల పది కాల్తాంది. ఇందులో తొంభై తగ్గిస్తే మీ కాగితం ఇస్తారు గదా?"

"ఇస్తారమ్మా."

"ఎట్ల తగ్గించల్లనో కాగితంలో రాసిండారా?"

నేను నూట పన్నెండు పేజీలూ మనసులో తిరగేశాను. రాయలేదు. ఎంత తగ్గాలో ఉంది కానీ ఎలా తగ్గాలో లేదు. ఆ మాటే చెప్పాను. ఆమె పెరట్లోకి వెళ్లి గడ్డపార తెచ్చింది. నేను ప్రభుత్వోద్యోగిని కాబట్టి అక్కడి నుంచి గబగబా వచ్చేశాను. వీధి మలుపు దాకా అద్దాలు పగిలిన చప్పుడు వినపడింది, వెనక్కి చూడలేదు.

ఆగస్టు మీటరు ముప్పై ఎనిమిది యూనిట్లు చూపింది. నాలుగు వందల పదిలో మూడు వందల డెబ్బై రెండు ఆదా. రాష్ట్రంలో ఏ ఇల్లూ ఇంత పొదుపు చేయలేదని కంప్యూటరు చెప్పింది. రెండో స్థానంలో ఉన్న ఇల్లు తొంభై ఒక్క యూనిట్ల దగ్గర ఆగిపోయింది. చిదంబరరావు గారు ఒక బృందాన్ని వెంటబెట్టుకుని పరుగున వచ్చారు. గవాచిలోంచి ఎండ ధారగా దిగుతోంది. ఓబులమ్మ గంపలు సొంత ఇంటికి చేరి, వాటి చోట్లలో అవి ఉన్నాయి. గోడలకు థర్మాకోల్ లేదు. అది మా వీధి వినాయక మంటపానికి శిఖరమై కూర్చుని ఉంది.

బృందం నాయకుడు నోటుపుస్తకం తెరిచి, ఆమె అనుసరించిన పద్ధతి ఏమిటో సవివరంగా తెలుపవలసిందిగా కోరాడు.

"కిటికీ తెరిసినా సార్," అంది ఓబులమ్మ.

"కిటికీ తెరిచిన పిమ్మట?"

"గాలొచ్చింది."

రాసుకున్నారు. ఆ రాత్రికి అది పదహారు పేజీల నివేదికైంది. దానికి "నియంత్రిత సహజ వాయు ప్రసరణ విధానము" అని పేరు పెట్టారు. మంటపం శిఖరాన్ని కూడా వదలలేదు, "సామగ్రి యొక్క సామాజిక పునర్వినియోగము" అన్న శీర్షిక కింద ఫోటో వేశారు. ఓబులమ్మకు యోగ్యతా పత్రం వచ్చింది, గడువు తీరకముందే లైసెన్సు వచ్చింది. దాంతోపాటు రెండు అడుగుల స్టీలు ఫలకం ఒకటి ఇచ్చారు. దాని మీద "ఆదర్శ పొదుపు గృహము, వయస్సు 72 సంవత్సరములు" అని చెక్కి ఉంది.

కథ ఇక్కడ ముగిస్తే అందరికీ బాగుండేది. కానీ అంత మంచి ఫలితం వచ్చాక ప్రభుత్వం ఊరుకుంటుందా? సెప్టెంబరులో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఓబులమ్మ విధానాన్ని ఊరంతా అమలు చేయాలి. నలభై ఏళ్లు దాటిన ప్రతి ఇంటినీ మొదట ఆరు నెలలు పూర్తిగా మూసి, ఏసీ బిగించి, వినియోగం పెంచి, తరువాత తెరవాలి. ఇప్పటికే తెరిచి ఉన్న కిటికీలను తెరవడం సాధ్యం కాదు కనుక మూయడం తప్పనిసరి అని ప్రత్యేకంగా వివరించారు. అర్హమైన ఇళ్ల జాబితా వారంలోగా పంపమని నన్ను ఆదేశించారు. రిజిస్టరు చూస్తే మా ఊళ్లో ఓబులమ్మది కాక అరవై రెండు మిద్దెలు తేలాయి. అందులో ఇద్దరు ఓబులమ్మలాంటి ఆకు వ్యాపారులు, ఒక పూలమ్మే ఆమె, నెలల బిడ్డతో ఉన్న ఇల్లొకటి.

ఓబులమ్మ ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆకు కట్ట ఉంది, బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అడిగింది.

"సార్, మీది గూడా మిద్దె ఇల్లే గదా. మా అత్త చెప్పేది, మీ తాత మా మామ ఒకే ఏడు కట్టించినారంట. నా ఇంటికి ఇంత జరిగింది, మీ ఇంటికి ఏమీ కాలేదేమి?"

నేను బీరువా తీసి, రిజిస్టరులో మా ఇల్లున్న పేజీ ఆమె ముందు పెట్టాను. ఆమెకు అక్షరాలు రావు కానీ అంకెలు బాగా వచ్చు. మూడూ తొమ్మిదీ మీద వేలు పెట్టి చూసింది. పక్కనే పాత అంకె కొట్టివేత కూడా చూసింది.

"ఈ రెండంకెలు నా ఇంటికి గూడా రాసింటే, పదహైదు గంపల ఆకు సచ్చేది గాదు గదా సార్."

ఆమె గొంతులో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. నా జవాబు కోసం నిలబడకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు భోజనానికి ఇంటికి వెళ్లలేదు. తలుపు వేసుకుని, రిజిస్టరు ముందేసుకుని, అరవై రెండు మిద్దెలకూ వరసగా ముప్పై తొమ్మిది వేశాను. నూట పదేళ్ల పెద్ద మసీదు వీధి మిద్దె కూడా సాయంత్రానికి ముప్పై తొమ్మిదికి దిగింది. ఓబులమ్మ ఇంటిని ఏమీ చేయలేకపోయాను, దాని వయసు స్టీలు మీద చెక్కి ఉంది.

చిదంబరరావు గారు పనివాళ్లతో, రెండు లారీల అద్దాలతో వచ్చి రిజిస్టరు తెరిచారు. పేజీలన్నీ తిప్పారు. కిటికీలోంచి ఎదురుగా ఉన్న మిద్దెను చూశారు. దాని గోడ మీద పాకుడు నల్లగా పేరుకుని, దూలం చెదలు తిని ఒరిగి ఉంది. మళ్లీ రిజిస్టరు చూశారు. ఉద్యోగం పోతే ఏం చేయాలా అని నేను అప్పుడే ఆలోచించాను, ఆకు వ్యాపారమే తట్టింది.

"మీ పట్టణములోని గృహములు మిక్కిలి త్వరగా శిథిలమగుచున్నవి," అన్నారాయన విచారంగా. "అయినను రికార్డే ప్రమాణము. గోడ అబద్ధమాడవచ్చును."

లారీలు వెనక్కి తిరిగాయి. పాత ఇల్లు ఒకే ఒక్కటి ఉన్న పట్టణంగా, ఉన్న ఒక్క ఇంటినీ ఆదర్శంగా తీర్చిదిద్దిన పట్టణంగా మాకు నూరు శాతం లక్ష్యసాధన ప్రశంసాపత్రం వచ్చింది. కమిషనరుగారు దాన్ని ఫ్రేము కట్టించి, ఏసీ గది కిటికీకి అడ్డంగా తగిలించారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. ఆఫీసు నుంచి తడుస్తూ వస్తుంటే ఓబులమ్మ తన మిద్దె మీద కనపడింది. పాత గవాచి రేకును పనివాళ్లు లోపమని తీసుకుపోయారు. కొంగు నడుముకు చుట్టి ఆమె ఆ స్టీలు ఫలకాన్ని గవాచి మీద బోర్లించి, ఎగిరిపోకుండా నాలుగు వైపులా రాళ్లు పెట్టింది. సరిగ్గా కొలిచి చేయించినట్టు అతికింది.

"ఒక్క సుక్క దిగడంలేదు సార్," అంది పైనుంచి నన్ను చూసి. చాలా నెలల తరువాత ఆమె నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి. వానలో అక్కడే నిలబడిపోయాను.

సంవత్సరాంతపు నివేదిక అడిగారు. పురస్కార ఫలకము బహిరంగముగా ప్రదర్శింపబడుచున్నదా అన్న ప్రశ్నకు, "గృహముపై అత్యున్నత స్థానమున ప్రతిష్ఠింపబడినది" అని రాశాను. చివరి కాలమ్‌లో, పథకము క్రింద సమకూర్చిన వస్తువులలో ప్రస్తుతము పనిచేయుచున్నవి ఎన్ని అని ఉంది. అద్దాలు పగిలాయి, థర్మాకోల్ నిమజ్జనమైంది, ఏసీ మీద ఓబులమ్మ గోనెపట్టాలు ఆరేసుకుంటోంది. "ఒకటి" అని రాసి సంతకం పెట్టాను. ఆ ఏడాది నా చేత్తో రాసిన అంకెల్లో నిజమైనది అదొక్కటే.